పొయ్యి ఛార్జరుకు చన్నీళ్లు

మాఘమాసం, మంగళవారం. ఫోన్ స్విచాఫ్ అయింది. నిద్ర పట్టక రాస్తున్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పటి నుంచి మా కొట్టాలకు కరెంటు లేదు, బోరూ ఆడడం లేదు. అత్తవారితో మిరపకోతకు గుంటూరు వైపు పోయిన నా కూతురు సరోజకు నెలలు నిండాయి. నొప్పులు మొదలైతే ఫోన్ చేస్తానంది. అందుకే పొయ్యి వేడితో ఫోన్ ఛార్జయ్యే పెట్టె ఒకటి ఆదోనిలో చేయించాను. దాని పైగిన్నెలో నీళ్లు చల్లగా ఉండాలి. కాగితే ఛార్జింగ్ ఆగిపోతుంది. చల్లారేదాకా ఆగితే పొయ్యి ఆరిపోతుంది కాబట్టి పారబోసి వేరే పోయాలి, గిన్నె తుప్పు దిగిన ఆ నీళ్లు తాగలేము.

సాయంత్రం రొట్టెలు కాలుస్తూ రెండుసార్లు నీళ్లు మార్చాము. మూడోసారి కోడలు ఈరమ్మ కడవ వంచి చూపింది.

"అత్తా, తాగేకి ఇవే ఉండాయి. పొయ్యమంటే పోస్తా."

"వద్దు. పిల్లోల్లు తాగాల."

"మరి వదిన ఫోన్ చేస్తే?"

"చెయ్యదులే. రొట్టె మాడుతాంది, చూసుకో."

చెయ్యదని నాకేం తెలుసు? అత్తవారు కోతకు పోతే ఆడ ఆమె పక్కన ఎవరుంటారో...

1. పొద్దున్నే ఎమ్మిగనూరు పోయి ఫోన్ ఛార్జ్ చేయించాలి.
2. కరెంటాఫీసులో మళ్లీ అడగాలి. మళ్లీ రేపంటారు.
3. అంతవరకు సరోజకు నొప్పులు రాకూడదు.