మూడు కొలతల సగటు

బరంపురం, మంగళవారం రాత్రి

శ్రీమతికి వారం రోజులుగా తల తిరుగుతోందని ఆన్‌లైన్‌లో కొన్న పాత బీపీ యంత్రం ఈ రోజు చేరింది. ప్రకటనలో "కొత్తదానితో సమానం" అన్నారు. పట్టీ అంచు చిరిగింది, బ్యాటరీల గది తుప్పు పట్టింది. గోపాలపూర్‌లోని అమ్మకందారుకు ఒక్క దోషమూ లేని మూడు పేరాల ఫిర్యాదు పంపాను. సాయంత్రం అతడే ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మీరు రాసిందేటో నాకు తెలీలేదండి. ఏటైనాది?"

చిరుగు సంగతి చెప్పాను.

"అది మాయమ్మదండి. పదోరోజు అయిపోనాక ఆవిడ వస్తువులు ఇంట్లో ఉంచకూడదన్నారు. ఎనక్కి మాత్రం పంపకండి."

పక్కనే కూర్చున్న శ్రీమతి విన్నది. "ఆయమ్మకి పనికొచ్చినాదే కదా, నాకూ కట్టండి" అని చెయ్యి చాపింది. పై అంకె నూట ఇరవై చూపింది. ఇద్దరం తేలికపడి భోజనం చేశాం.

ఆమె పడుకున్నాక యంత్రంతో వచ్చిన కాగితం చదివాను. చివరి మూడు కొలతల సగటు చూపేటట్లు దాన్ని ఎవరో అమర్చి ఉంచారు. మీట నొక్కి ఒక్కొక్కటే చూశాను. తొంభై. డెబ్బై. ఈ రెండూ ఆ తల్లి చివరివి. మూడోది ఈ సాయంత్రానిది, రెండు వందలు. పోయిన మనిషి అంకెల కింద నా శ్రీమతి అంకె ఇంతసేపూ దాగి ఉంది.

ఆమెను లేపాను, అసలు అంకె మాత్రం చెప్పలేదు. ఆసుపత్రికి ఆటో పిలిచి, అది వచ్చేలోగా చేతులు ఊరకుండక ఇది రాస్తున్నాను. లోపల చీర మార్చుకుంటూ ఆమె అంటోంది:

"నూట ఇరవయ్యే కదేటండి, ఎందుకీ కంగారు?"