ఏడో మంచం పక్క మార్పు చార్టు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఆడవారి ఆపరేషన్ వార్డు ఇన్‌చార్జి సిస్టరు రోగి సేవలో చూపుచున్న నిర్లక్ష్యము, ఆమెపై తీసుకొనవలసిన కఠిన చర్య – గురించి.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, నేను నర్సింగు స్కూలులో ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైనదానను. బాత్రూములో జారిపడి, తుంటి ఎముక విరగ్గొట్టుకుని, సదరు వార్డులో ఏడో నంబరు మంచం మీద తొమ్మిది రోజులుగా పడి ఉన్నాను. ఇన్‌చార్జి సిస్టరు నా పూర్వ విద్యార్థిని. ప్రాక్టికల్స్‌లో ఆమెను రెండుసార్లు ఫెయిల్ చేసింది నేనే. మూడోసారి కూడా చేయవలసింది, జాలిపడ్డాను. ఆ జాలి ఫలితం ఇప్పుడు నా నడుము కింద పుండై కూర్చుంది.

1. రెండు గంటలకోసారి నాకు పక్క మార్చవలెనని డాక్టరు గారి ఉత్తర్వు. నిన్న ఉదయం పది గంటలకు, మంచం చివర తగిలించిన చార్టును పక్క మంచం ఆవిడ కూతురి చేత తీయించి చదివితిని. పన్నెండింటికి కుడి పక్క, రెండింటికి ఎడమ పక్క, నాలుగింటికి వెల్లకిలా అని అప్పటికే సంతకాలతో సహా నమోదై ఉన్నది. కాగితం మీద సాయంత్రం దాకా దొర్లితిని. మంచం మీద అంగుళం కదలలేదు.

2. బెల్లు బటను నా చేతికి అందకుండా కిటికీ గట్టు మీద పెట్టుచున్నారు. కారణం అడుగగా, "మాటిమాటికీ నొక్కుతున్నారు మేడమ్. వార్డులో మీరొక్కరే పేషెంటా?" అని ఇన్‌చార్జి సెలవిచ్చినది. అవును, నొక్కాను. తడిసిన దుప్పటి మీద పడుకున్న మనిషి బెల్లు నొక్కక పాట పాడుతుందా?

3. మొన్న ఎనిమిదో మంచం ఆవిడ షుగరు మాత్ర నా నోట్లో వేసిరి. పేరు అడగలేదు, చేతికున్న పేరు పట్టీ చూడలేదు. ఉమ్మేశాను. అందుకు నా కేసు షీటులో "రోగి సహకరించుట లేదు" అని రాసిరి.

4. కదలక పడి ఉండి పట్టిన ఆ పుండు ఇప్పుడు అరచేతిలో సగం ఉన్నది. అది మానితే గాని ఆపరేషన్ చేయనని సర్జన్ గారు చెప్పేశారు. ఈ వయసులో తుంటి ఆపరేషన్ ఎంత ఆలస్యమైతే నడక అంతగా పోతుందని బోర్డు మీద రాసి మరీ చెప్పినదానను నేను. నాకు భయంగా ఉందండీ. అర్జీలో ఇలాంటి మాట రాయకూడదు, అయినా రాస్తున్నాను.

కావున ఆమెను సస్పెండ్ చేయవద్దని మనవి. చేస్తే ఇంట్లో కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చుంటుంది. మంచం ఏదైనా ఖాళీ అయిన రోజున, తడి దుప్పటి పరచి, ఆమెను దాని మీద ఎనిమిది గంటలు వెల్లకిలా పడుకోబెట్టి, బెల్లు కిటికీ గట్టు మీద ఉంచి, చార్టు మాత్రం నా చేత ముందుగానే రాయించవలెను. నా దస్తూరి బాగుంటుంది. తదుపరి విద్యార్థులందరి ఎదుట ఆమెకు ప్రాక్టికల్ పరీక్ష మళ్ళీ పెట్టవలెను. రోగిని నేనే, ఎగ్జామినర్‌నూ నేనే.

ఈ మనవిని తమరు స్వయంగా, వీలైతే వార్డులో నిలబడి, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఏడో నంబరు మంచం.

తా.క.: ఇది మడుస్తుండగా ఇన్‌చార్జి మాత్రలతో వచ్చింది. "ముందే రాసిపెట్టడం ఎవరు నేర్పారే నీకు?" అని నిలదీశాను.

"మీరే మేడమ్. మా ట్రైనింగులో తనిఖీ వాళ్ళొస్తున్నారని సాయంత్రం దాకా చార్టులన్నీ పొద్దున్నే మా చేత నింపించారు. అప్పుడు నలభై మంది పేషెంట్లకు ఇద్దరం. ఇప్పుడూ ఇద్దరమే" అంది. అవతల మంచం వాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయింది.

నిజమే, గుర్తుంది. ఆ రోజు వార్డులో కదలలేనివాళ్ళు ఆరుగురు. తనిఖీ వాళ్ళు మెచ్చుకుని వెళ్ళాక నేను టీ తాగి ఇంటికి పోయాను. ఆ ఆరుగురిలో ఒక్కరి వీపూ చూడలేదు.

అయినప్పటికీ ఇందువల్ల ఆమె శిక్షలో రవ్వంత కూడా తగ్గించరాదు. నాది విడిగా విధించగలరు. అంతకంటే ముందు ఎవరినైనా పంపి నన్ను ఎడమ పక్కకు తిప్పించండి.