బాతుగుడ్ల వైరాగ్యం

మే 20
ఒట్టు పెట్టేశాను. ఈ వేసవి ఒక్క బాతుగుడ్డు కూడా ముట్టను!

మీవత్న్ సరస్సులో బాతులు తగ్గిపోతున్నాయని నిన్న ఊరి సమావేశంలో అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. నేనే లేచాను. మా లంకలో ఈ ఏడాది గుడ్లు తియ్యం అన్నాను. లంకలో సగం వాటా పక్కింటి ఉన్నూర్‌ది. ఆవిడ అల్లిక ఆపకుండానే సరేనంది. మాట తప్పినవాళ్ల వాటా శాశ్వతంగా రెండోవాళ్లకి అని కూడా నేనే అన్నాను. చప్పట్లే చప్పట్లు! ఉన్నూర్ ఆగగలదా? వారం తిరక్కుండా బుట్టతో సహా దొరికిపోతుంది.

మా వాటా నిజానికి నా భార్య థోరాది, వాళ్ల నాన్న ఇచ్చింది. నన్నొక మాట అడిగావా అంది దారిలో. గొప్ప పనులు అడిగి చేస్తారా ఎవరైనా?

మే 22
పొద్దున్నే ఓట్స్ జావ. మనసు తేలిక. పొట్ట మరీ తేలిక.

సరస్సులోంచి చిన్న ఈగలు గుంపులుగా లేచాయి. ఒడ్డంతా పొగ కమ్మినట్టుంది. టూరిస్టులు తలకి వలలు తొడుక్కుని పరుగులు! కుట్టని ఈగకి అంత భయమా? ఆ ఈగలే లేకపోతే సరస్సులో చేపా లేదు, బాతూ లేదు. చెబితే వినరు. పైగా నోరు తెరిస్తే లోపలికి దూరతాయి కాబట్టి వాగుడు కూడా తగ్గుతుంది. ఊరి సమావేశాలు ఇకమీదట ఒడ్డున పెట్టాలి.

దుర్భిణితో లంక చూశాను. ఉన్నూర్ జాడ లేదు. అంతా నటన.

మే 26
ఇంటిబాతు అని మేం పిలిచే అడవిబాతు ఒకటి మా గొర్రెలపాక గోడ కన్నంలో కాపురం పెట్టింది. పసుపు కళ్లతో నన్ను అద్దెకున్నవాణ్ని చూసినట్టు చూస్తోంది. సిగ్గులేని జాతి! ఒకదాని గూట్లో ఇంకొకటి గుడ్లు పెట్టి, దులుపుకుని పోతుంది. అన్నీ పొదగలేక సగం కుళ్లిపోతాయి. అంటే మనం తియ్యకపోవడం బాతులకే అన్యాయం కాదూ?

ఊరికే అనుకున్నాను.

రాత్రి భోజనం: ఆవిరి పొంగే వేడినేలలో పాతి కాల్చిన నల్లరొట్టె, పొగబెట్టిన చేప. పైన ఉండాల్సింది లేదు.

మే 30
లంకకి వెళ్లాను. తనిఖీకి మాత్రమే!

ఒక గుడ్డు గూటి బయట పడి ఉంది. బయట పడింది ఒట్టు కిందకి రాదు. అక్కడే పగలగొట్టి తాగేశాను. వదిలేస్తే కాకి తినేది. కాకి ఏ ఒట్టూ పెట్టుకోలేదు మరి.

జూన్ 2, ఆదివారం
మధ్యాహ్నం. ఊరంతా చర్చికి వెళ్లింది. నాకు మోకాలి నొప్పి. వాళ్ల కార్లు మలుపు తిరగ్గానే తగ్గింది.

పడవ. బుట్ట. లంక. గూటికి నాలుగు చొప్పున వదిలి మిగతావి తీశాను. తల్లి గూడు విడిచిపోకుండా నాలుగు ఉంచాలి. అది తెలియనివాడు ఈ సరస్సు పక్కన మనిషే కాదు. నేనేమైనా దొంగనా? కొన్ని ఉడకబెట్టుకుని తిన్నాను. అబ్బ! ఆ పచ్చసొన! మిగతావి చెడకుండా గొర్రెలపాకలో బూడిదలో దాచాను.

సాయంత్రం. లంక మీద బాతులు బెదిరిపోయి ఉన్నాయంటూ ఉన్నూర్ వచ్చింది. నేను వెంటనే మింక్ అన్నాను. గుడ్లు దోచే ఆ నల్లజంతువు పేరు చెబితే ఊరంతా హడలే. గంటలో మింక్‌ల వేటగాడు స్కాప్తి కుక్కతో దిగాడు. అది ఒడ్డంతా వాసన చూసి, చూసి, నా బూట్ల దగ్గర కూర్చుంది. కుక్కకి వయసైపోయింది పాపం అన్నాను.

స్కాప్తీ, ఉన్నూరూ, థోరా పడవెక్కి లంకకి వెళ్లారు. నన్ను మోకాలు జాగ్రత్త అని ఒడ్డునే వదిలేశారు.

జూన్ 3
నిన్న మిగతాది రాయలేకపోయాను.

ముగ్గురూ తిరిగొచ్చి మా వంటింట్లో కాఫీకి కూర్చున్నారు. ఉన్నూర్ అల్లిక తీసింది. వరస పూర్తి చేసి అప్పుడు అంది.

"బార్దూర్, ప్రతి గూట్లోనూ నాలుగే ఉన్నాయయ్యా. ఒక్కదాంట్లో మూడు లేవు, ఒక్కదాంట్లో అయిదు లేవు. ఇంత మర్యాద తెలిసిన మింక్‌ని నా జన్మలో చూళ్లేదు."

అబద్ధమాడటం చాతకాని వెధవని నేను. దోచుకునేవాడు మొత్తం దోచుకోవాలి. ఈ బుద్ధి నిన్న మధ్యాహ్నం ఎక్కడికి పోయింది? కానీ ఆ నాలుగూ తియ్యడానికి చెయ్యి రాదు. రాలేదు.

వాటా పోయింది. సమావేశంలో నేనన్న మాటలే ఉన్నూర్ మళ్లీ చెప్పింది, ఒక్క ముక్క కలపలేదు. థోరా తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. వాళ్లు వెళ్లాక కప్పులు కడుగుతూ అంది.

"మా నాన్న నాకంటూ ఇచ్చింది అదొక్కటే. దాన్ని నీ చప్పట్లకి పందెం పెట్టావు."

సిగ్గేసింది. ఈ మాట ఇక్కడ కాక ఇంకెక్కడ రాసుకోను!

జూన్ 4
బయటికి వెళ్లలేదు. వెళ్తే అందరూ మింక్ క్షేమమేనా అని అడుగుతారు. ఊళ్లో హాస్యానికి అంతకన్నా సరుకు లేదు.

జూన్ 5
కొత్త ఒట్టు. ఇవాళ్టి నుంచి బాతుగుడ్డు ముట్టను. సమావేశం లేదు, సాక్షులు లేరు, చప్పట్లు అసలే లేవు. ఈసారి నిలబడేట్టే ఉంది.

మధ్యాహ్నం థోరా బూడిదలోంచి మిగిలిన గుడ్లు తీసి ఉడకబెట్టింది. బల్ల మీద ఒక్క పళ్లెమే పెట్టింది. నా ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటే వలుచుకుని, తొందరేమీ లేకుండా తింది. మధ్యలో ఒకసారి ఉప్పు అడిగింది. అందించాను.