పదిహేడో కాగితం

జూన్ 11, మంగళవారం

తోడబుట్టకపోయినా అక్కయిన మీకు నమస్కారాలు.

ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను. పద్నాలుగేళ్ల తర్వాత నా దస్తూరీ చూసి, కవరు చింపకుండానే బుట్టలో పడేస్తారేమోనని భయం. కాస్త ఓపిక పట్టండి.

నాకైతే ఓపిక అయిపోయింది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. లైబ్రరీలో మన మాస్టారి పెట్టెలున్న గదికి మెట్లెక్కాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి. ఆయన సంపుటాలు మళ్లీ అచ్చేస్తారట. అచ్చుకాని ఆ ‘మనిషి స్వభావం’ రాతప్రతి సంగతి తేల్చమని ప్రచురణకర్త ప్రాణం తోడేస్తున్నాడు.

మన తగువు మరిచిపోయి ఉండరు. మనిషి లాభం చూసుకునే అడుగేస్తాడని జన్మంతా అర్థశాస్త్రం చెప్పిన మాస్టారు, ఆ ప్రతిలో మాత్రం, నలుగురిలో చిన్నబోకుండా ఉండటం కోసం మనిషి ఎంత నష్టానికైనా సిద్ధపడతాడని రాశారు. ఆయన మనసు మార్చుకున్నారు, అదే ఆయన చివరి మాట అన్నారు మీరు. కుర్రతనంలో రాసి పక్కన పారేసిన చిత్తు అన్నాను నేను. చూద్దామంటే తేదీ లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సంపుటాల కమిటీ నన్నే నమ్మింది. గురువుగారికి లేనిపోనివి అంటగడుతున్నారంటూ మిమ్మల్ని సంపాదకత్వం నుంచి తప్పించింది. ఆ తర్వాత మీరు ఒక్క అక్షరం రాయలేదు.

అక్కా, మీరు చెప్పిందే నిజం. ప్రతిలో చాలావరకు తెల్ల కాగితాలే, కానీ పదిహేడోది తిప్పితే వెనక మాస్టారి పదవీ విరమణ సభ కరపత్రం ఉంది. తేదీ ఉంది. ఆహ్వానించేవాళ్లుగా కింద మనిద్దరి పేర్లూ ఉన్నాయి. అంటే రిటైరయ్యాకే రాశారు. కొత్త ముద్రణలో అది చివరి రచనగా వస్తుంది, సంపాదకురాలిగా మీ పేరుతో. ముందుమాట మీరే రాయాలి. కాదనకండి. పోట్లాడే శక్తి నాకిక లేదు. మీతో మాట్లాడకుండా ఉండే శక్తి అసలే లేదు.

మీ తమ్ముడు
(మీ భాషలో, నసగాడు)

తా.క. అంటించిన కవరు మళ్లీ విప్పాను. ఆ కరపత్రం నాకు ఇప్పుడు కొత్తగా దొరకలేదు. కమిటీ కూర్చోడానికి ముందురోజే చూశాను. అప్పటికే అది చిన్నప్పటి చిత్తేనని అందరికీ చెప్పేసి ఉన్నాను. అందుకే కమిటీకిచ్చిన జిరాక్సులు ముందువైపే తీయించాను. ముందుమాటలో ఇది కూడా రాయండి, నా పేరు దాచకండి. ఆ రోజు సమావేశంలో, కాగితాల వెనక ఏమైనా ఉందా తమ్ముడూ అని మీరు నన్నే అడిగారు. ఏమీ లేదన్నాను. నువ్వు చూశావుగా, ఇంక చాల్లే అని కూర్చున్నారు.