మా పూలగదిని కంపెనీకి ఇవ్వవద్దని

మూడుకెరె తాలూకా తోటల అధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: కుంతల్‌పాడి పూలగదిని ఆన్‌లైన్ పూల కంపెనీకి అద్దెకిచ్చే ఉత్తర్వును నిలిపివేయుట గురించి.

ఇంటి వెనుక అరవై మల్లె పొదలు గల ఇగ్నేషియస్ మినేజెస్, వయసు డెబ్బై నాలుగు, విన్నవించుకొనునది:

1. మా ఆడవాళ్లు తెల్లవారకముందే మొగ్గలు కోసి, అరటినారతో కట్టి, ఏడింటికల్లా ఆ గదికి చేరుస్తారు. అక్కడినుంచి బస్సులో ఉడుపికి వెళతాయి. పద్నాలుగు ఇళ్లకు వేరే అంగడి లేదు. గది పోతే పూలు పొదల మీదే విచ్చుకుంటాయి. విచ్చిన మల్లెను మా వైపు ఎవరూ కొనరు.

2. తమరి సలహా మీదనే ఆ కంపెనీకి పూలు అమ్మడానికి చేరాము. మొదటి రోజే వాళ్ల మనిషి పెట్టె తెరిచి ఫొటో తీసి, "ఇవి విచ్చుకోలేదు కదా అజ్జా, కస్టమర్ వెనక్కి పంపిస్తాడు" అన్నాడు. "పెళ్లికూతురి జడలో విచ్చుకోవాలయ్యా, నీ డబ్బాలో కాదు" అన్నాను. సరుకు తిరస్కరించినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. ఇప్పుడు ఎక్కడివో పూలు లారీలో తెచ్చి, మా ఊరి పేరు అంటించి అమ్ముతున్నారు. ఉడుపి దుకాణాలవాళ్లూ వాళ్ల దగ్గరే తీసుకుంటున్నారు.

3. మే నెల సభలో తమ మెడలో పడిన దండ ఆ లారీదే. నైలాను దారం తమకు గుచ్చుకునే ఉంటుంది. అయినా వాసన చూసి, మా ఊరి పరిమళమే వేరని మెచ్చుకున్నారు. ముందు వరసలో ఉన్న నేను నవ్వలేదు. అది తమ హోదా మీది గౌరవమని భావించవద్దు.

4. చరిత్ర కొంత చదివినవాణ్ణి. పూర్వం సముద్రం దాటి వచ్చిన కంపెనీ కూడా మొదట సరుకు దించుకోవడానికి కాస్త చోటే అడిగింది.

కావున ఉత్తర్వును రద్దుచేసి గదిని మాకే ఉంచవలెనని కోరుతూ, ఈ నాలుగు ముక్కలు తమరు స్వయంగా చిత్తగించవలెనని, గుమాస్తాకు తోసివేయరాదని ప్రార్థన.

ఇంకా తమ విధేయుడనే,
ఇగ్నేషియస్ మినేజెస్

తా.క. పద్నాలుగు ఇళ్ల సంతకాలు జతచేద్దామని దీన్ని ఇంటింటికీ తిప్పాను. ఒకరు కళ్లజోడు లేదన్నారు, ఒకరు రేపు రమ్మన్నారు. చివరికి నా భార్య సెవ్రిన్ ముందు పెట్టాను. యాభై ఏళ్లుగా మా పూలు కట్టింది ఆమే. చేతులు తుడుచుకుని మొత్తం చదివింది.

"అన్నీ నిజాలే రాశారండీ. కానీ గదిని కంపెనీకి ఇవ్వడం ఆపొద్దని కూడా రాయండి. సోమవారం నుంచి లారీ పూలు కట్టడానికి కంపెనీవాళ్లు మా ఆడవాళ్లందర్నీ కూలికి అక్కడికే రమ్మన్నారు."

దాచడం చేతకాక ఆమె మాట రాశాను. సంతకం నాదొక్కటే.