ఆరో పాట

పాసడీనా,
మార్చి 3, 1986

నాడీన్ తల్లీ,

క్రిస్మస్ కార్డు మీద రెండు ముక్కలు తప్ప నీకు ఉత్తరమంటూ రాసి ఎన్నేళ్లయిందో! తిట్టుకో. ఇప్పుడు కూడా నీతో పనిపడే రాస్తున్నాను.

వచ్చే నెల మన పాత స్టూడియోలో నాకు సన్మానమట. నేను పడవవాడి పెళ్లాంగా వేసిన సినిమా మళ్లీ ఆడిస్తారట. "కొరీన్ వేల్ గారూ, ఆ జోలపాట రెండు చరణాలు పాడితే చాలండీ" అని ఫోన్ మీద ఫోన్. నాకు గుండెల్లో రాయి పడింది.

ఆ సినిమాకి ఆరు పాటలూ నేనే పాడాను, నీకు తెలుసుగా. రికార్డింగ్ అయ్యాక సంగీత దర్శకుడు కెస్లర్ గారు "బ్రహ్మాండం, మిస్ వేల్!" అని నా చెయ్యి ఊపేశారు. విడుదలకి ముందు మాకోసం వేసిన ఆటకి మా అక్కని వెంటబెట్టుకుని వెళ్లాను. తెర మీద నేను నోరు తెరిస్తే ఇంకెవరి గొంతో వచ్చింది. "అబ్బ, ఎంత బాగా పాడావే!" అంది అక్క. మధ్యలోనే లేచి వచ్చేసి కారులో కూర్చుని ఏడ్చాను. ఆ సినిమా ఈ రోజుకీ చివరిదాకా చూడలేదు. రేడియోలో ఆ పాటలొస్తే కట్టేస్తాను.

ఆ గొంతు నీదని తర్వాత తెలిసింది. తర్వాతి నాలుగు సినిమాలకి నిన్నే ముందు పాడించారు. నువ్వు ముల్లంగి ముక్కల సాండ్‌విచ్ నములుతూ వచ్చేదానివి. నీ పాటకి పెదవులు కలపడానికి ఎదురుగా కూర్చుని, నీ గొంతు కింద గుంట ఎప్పుడు కదిలితే అప్పుడు నేనూ ఊపిరి తీసుకునేదాన్ని. ఎంత నవ్వుకునేవాళ్లం! నీ మీద కోపం పట్టుమని వారం కూడా నిలవలేదు. కానీ బయట చెప్పనని నీ చేత సంతకం పెట్టించారు, పొగడ్తలన్నీ నేను కొట్టేశాను. ఇక చాలు. ఆ రోజు వేదిక ఎక్కి "ఒక్క పాట కూడా నాది కాదు, అన్నీ ఈవిడవే" అని చెప్పేస్తాను. నువ్వు నా పక్కన ఉండాలి. వస్తావా?

నీ మర్టిల్
(తెర మీది పేరు కాదు, మా అమ్మ పెట్టిన పేరే)


ఫ్రెజ్నో,
మార్చి 9

ఏమే మర్టిల్,

వస్తాను. నీలం గౌను ఇస్త్రీకి కూడా వేశాను. అయితే వేదిక ఎక్కి అబద్ధం చెప్పకు.

అప్పట్లో నీ సినిమా తెర మీద వేసి, నీ పెదవులు చూస్తూ నన్ను పాడమన్నారు. ఐదు పాటలు అవలీలగా వచ్చాయి. జోలపాటలో బిడ్డని భుజాన వేసుకుని మధ్యలో ఒకచోట ఊపిరి చాలక ఆగుతావు చూడు, ఆ ఆగడం నాకు రాలేదు. పదకొండుసార్లు పాడాను. కెస్లర్ అద్దాల గదిలోంచి బయటికొచ్చి, "వదిలెయ్ నాడీన్, ఆ అమ్మాయి పాడిందే ఉంచేద్దాం. ఆమెకి మాత్రం చెప్పకు, మిగతావీ తనే పాడతానని కూర్చుంటుంది" అన్నాడు.

నేను చెప్పలేదు. వాడికి భయపడి కాదే. పాడగలవని నీకు తెలిస్తే ఇక నన్నెవరు పిలుస్తారు? నాలుగు సినిమాలు నీ ఎదురుగా కూర్చుని నీకు ఊపిరి తీసుకోవడం నేర్పాను, అప్పుడూ చెప్పలేదు. నాది అసూయే. ఊళ్లో అందరూ కూనిరాగం తీసేది ఆ ఒక్క పాటే కదా!

ఐదు పాటలు నావని నలుగురిలో చెప్పు, నాకు కావాలి. ఆరోది, నీ జోలపాట, మొదలయ్యేసరికి మాత్రం లేచి కారులోకి పోకు. పోతానన్నా పోనివ్వను, నీ చెయ్యి పట్టుకునే కూర్చుంటాను.

నీ నాడీన్