తిమింగలం పందెం

1961 డిసెంబరు 4

కృష్ణపట్నం రేవు పడవలో సువార్త చెప్పడం నాకు మహా ఇష్టం. ఒడ్డున అయితే జనం సగంలోనే లేచి వెళ్లిపోతారు. ఉప్పుటేరు మధ్యలో ఎక్కడికి పోతారు? ఈ రోజు నీళ్లమీద తెల్లపిట్టలు గుంపుగా వాలుతుంటే, విత్తకుండా కోయకుండా బతికే పక్షులకూ దేవుడే తిండి పెడతాడని చెప్పాను. అవతలి గట్టున పొలం ఉన్న చెంచురామయ్య, అవి విత్తవు సరే నవోమక్కా, మేం విత్తింది తింటాయి గదా అన్నాడు. పడవంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

డిసెంబరు 6

మనిషిని మింగిన పెద్ద చేప కథ చెప్పాను. చెంచురామయ్య నమ్మలేదు. చిన్నప్పట్నించీ ఈ పడవెక్కతా ఉండా, అంత చేపను ఎప్పుడూ చూడలా, కంటికి కనపడందాన్ని ఎట్టా నమ్మేదక్కా అన్నాడు. చూడకుండా నమ్మడమే విశ్వాసమని గట్టిగా చెప్పాను. పందెం వేశాడు. క్రిస్మస్ లోపల తిమింగలం కనిపిస్తే తను చర్చికి వచ్చి ముందు వరసలో కూర్చుంటాడట. కనిపించకపోతే నేను పడవలో మళ్లీ నోరెత్తకూడదట. సరే అనేశాను.

నా నోరే నాకు శత్రువు.

డిసెంబరు 7

సువార్త చెప్పే మనిషి పందెం కాయవచ్చా? ఇది బెట్ కాదు, సాక్ష్యం అని సర్దిచెప్పుకున్నాను. పాస్టరు గారికి మాత్రం చెప్పలేదు.

డిసెంబరు 18

పిట్టలు. పిట్టలు. పిట్టలు.

డిసెంబరు 23, సాయంత్రం

పండగలోపల ఇదే ఆఖరి పడవ. రేపటినుంచి నోరు కట్టేసుకుని ఎలా బతకాలో తెలియక, ఏరు సముద్రంలో కలిసే చోటికి రాగానే కళ్లు మూసుకుని ప్రేయర్ మొదలుపెట్టాను. మధ్యలో పడవ ఒక పక్కకు ఒరిగింది. కేకలు. ఆమెన్ అనకుండా కళ్లు తెరవడం నాకు అలవాటు లేదు. తెరిచేసరికి జనమంతా సముద్రం వైపు ఎగబడి ఉన్నారు. పడవ నడిపే ముత్యాలయ్య కూర్చోమని తిడుతున్నాడు. చెంచురామయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. నల్లటి వీపక్కా, చింతమానంత ఎత్తు నీళ్లు చిమ్మింది, నేను ఓడిపోయా అన్నాడు.

నాకు కనిపించింది నీళ్లే. అంతా కూడబలుక్కుని నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. ఒళ్లు మండింది. కంటికి కనపడనిదాన్ని ఎలా నమ్మేదని అరిచాను.

చెంచురామయ్య కూడా నవ్వలేదు. రేవు చేరేదాకా తల వంచుకునే ఉన్నాను.

డిసెంబరు 25

గంజిపెట్టిన పంచెతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ప్రార్థనలో అందరం కళ్లు మూసుకున్నాం. ఆయన మూసుకోలేదట. మూసుకుంటే ఏం పోగొట్టుకుంటామో నిన్ను చూసినాక తెలిసిందక్కా అన్నాడు.

డిసెంబరు 27

ఈ రోజు పడవలో చెంచురామయ్య చెప్పాడు, నేను విన్నాను. తిమింగలం అప్పుడే రెండు బారలు పెరిగింది.

నమ్మాను.